గంజాయి ఉత్సవాలు

గంజాయి ఉత్సవాలు అనగా గంజాయి మొక్కను, దానికి సంబంధించిన చట్టాలను, వ్యాపారాన్ని, సంస్కృతిని కేంద్రంగా చేసుకొని జరిగే బహిరంగ సభలు, ఊరేగింపులు, పోటీలు, సంతలు మరియు వాణిజ్య ప్రదర్శనలు. ఇవి ముఖ్యంగా ఉత్తర అమెరికా, ఐరోపా, ఆస్ట్రేలియా ఖండాలలో జరుగుతాయి. వీటిలో కొన్ని గంజాయిపై నిషేధాన్ని తొలగించాలని కోరే నిరసన సభలుగా పుట్టినవి. మరికొన్ని, కొన్ని దేశాలలోను రాష్ట్రాలలోను గంజాయి అమ్మకం చట్టబద్ధమైన తరువాత వ్యాపార సంస్థలు ఏర్పరచినవి. అన్నింటినీ ఉత్సవాలనే పిలుస్తున్నప్పటికీ వీటి స్వభావం, ప్రవేశ నియమాలు, చట్టపరమైన స్థితి ఒకదానికొకటి చాలా భిన్నంగా ఉంటాయి. ఉత్సవం బహిరంగంగా జరుగుతున్నది కనుక అక్కడ గంజాయి వాడుట చట్టసమ్మతమే అయి ఉంటుందని అనుకొనుట సందర్శకులలో సాధారణమైన పొరపాటు. భారతదేశంలో గంజాయిని కలిగియుండుట, వాడుట, అమ్ముట శిక్షార్హమైన నేరాలు.

పదజాలం

గంజాయి మొక్క శాస్త్రీయ నామం కన్నాబిస్ సటైవా. ఆడ మొక్క పూతను గంజాయి అని, దాని నుండి తీసిన బంకను చరస్ లేదా హషీష్ అని, ఆకును నూరి తయారు చేసినదానిని భంగు అని వ్యవహరిస్తారు. మత్తు కలిగించే ముఖ్య రసాయనం టెట్రాహైడ్రోకన్నాబినాల్. దీనిని క్లుప్తంగా టి.హెచ్.సి. అంటారు. అటువంటి మత్తు కలిగించని మరొక రసాయనం కన్నాబిడయోల్, అనగా సి.బి.డి.

నార కొరకు, గింజల కొరకు పెంచే, టి.హెచ్.సి. అతి తక్కువగా ఉండే గంజాయి రకాలను ఆంగ్లంలో హెంప్ అంటారు. ఈ మాటను తెలుగులో కొందరు జనుము అని అనువదిస్తారు. ఇది సరి కాదు. తెలుగు రైతులు పచ్చిరొట్ట ఎరువుగాను, నార కొరకును పెంచే జనుము క్రోటలేరియా జన్సియా అనే వేరే మొక్క. గోగు కూడా మందార కుటుంబానికి చెందిన మరొక మొక్క. అందువలన ఈ వ్యాసంలో హెంప్ అనే మాటనే వాడటం జరిగినది.

చాలా ఉత్సవాలు ఏప్రిల్ 20వ తేదీన జరుగుతాయి. అమెరికాలో నెలను ముందు, తేదీని తరువాత వ్రాస్తారు కనుక ఈ తేదీ 4/20 అవుతుంది. 1971లో కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాన్ రఫేల్ ఉన్నత పాఠశాలకు చెందిన, వాల్డోలు అని పేరుపడిన అయిదుగురు విద్యార్థులు సాయంత్రం 4 గంటల 20 నిమిషాలకు తమ పాఠశాలలోని లూయీ పాశ్చర్ విగ్రహం వద్ద కలుసుకొనేవారు. వారు వాడుకున్న సంకేతమే క్రమంగా ప్రపంచమంతటా వ్యాపించినది. తెలుగునాట "ఫోర్ ట్వంటీ" అంటే మోసగాడు అని అర్థం. ఇది భారత శిక్షాస్మృతిలో మోసానికి సంబంధించిన 420వ సెక్షను నుండి వచ్చినది. ఆ శిక్షాస్మృతి స్థానంలో 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చినను, నుడికారం మాత్రం నిలిచి ఉన్నది. ఈ రెండు అర్థాలకు పరస్పర సంబంధం లేదు.

చరిత్ర

హ్యాష్ బాష్

ఇప్పటికీ జరుగుతున్న గంజాయి సభలలో పాతవానిలో ఒకటి అమెరికాలోని మిచిగన్ రాష్ట్రం, ఆన్ ఆర్బర్ నగరంలో జరిగే హ్యాష్ బాష్. దీని పుట్టుకకు కారణం ఒక న్యాయస్థానం తీర్పు. జాన్ సింక్లెయిర్ అనే కవి, రాజకీయ కార్యకర్త మారువేషంలో ఉన్న పోలీసులకు రెండు గంజాయి చుట్టలు ఇచ్చినందుకు 1969లో సుమారు పది సంవత్సరాల జైలు శిక్ష పొందాడు. అతని విడుదల కోరుతూ 1971 డిసెంబరు 10న ఆన్ ఆర్బర్‌లోని క్రిస్లర్ అరీనాలో పెద్ద సభ జరిగినది. జాన్ లెనన్, స్టీవీ వండర్ వంటి ప్రసిద్ధ గాయకులు అందులో పాల్గొన్నారు. మూడు రోజుల తరువాత సింక్లెయిర్ విడుదలయ్యాడు.

1972 మార్చి 9న మిచిగన్ సుప్రీంకోర్టు అతనికి శిక్ష విధించిన చట్టం రాజ్యాంగ విరుద్ధమని ప్రకటించినది. కొత్త చట్టం ఏప్రిల్ 1న అమలులోకి రావలసి ఉన్నది. ఆ మధ్య కాలంలో రాష్ట్రంలో గంజాయిని శిక్షించే చట్టమే లేదు. కొత్త చట్టానికి నిరసనగా ఏప్రిల్ 1న మిచిగన్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని డయాగ్ అనే ఆరుబయలు కూడలిలో మొదటి హ్యాష్ బాష్ జరిగినది. 1973లో జరిగిన రెండవ సభకు రాష్ట్ర శాసనసభ్యుడు పెరీ బులార్డ్ హాజరై బహిరంగంగా గంజాయి త్రాగాడు. దీనిపై ఆయన తరువాత విమర్శలు ఎదుర్కొన్నాడు.

ఆన్ ఆర్బర్ నగర పాలక మండలి 1972లో గంజాయి కలిగియుండుటకు శిక్షను 5 డాలర్ల జరిమానాకు తగ్గించినది. తరువాతి మండలి 1973లో దీనిని రద్దు చేయగా, 1974లో ఓటర్లు నగర నియమావళిలోనే చేర్చి పునరుద్ధరించారు. 1990లో జరిమానా 25 డాలర్లకు పెరిగినది. 1990వ దశకపు ఆరంభంలో విశ్వవిద్యాలయం సభకు అనుమతి నిరాకరించగా, నిర్వాహకులైన విద్యార్థి సంఘం వారు భావప్రకటన స్వేచ్ఛ ఆధారంగా న్యాయస్థానాన్ని ఆశ్రయించి అనుమతి సంపాదించారు. సభ ప్రస్తుతం ఏప్రిల్ మొదటి శనివారం మధ్యాహ్నం జరుగుతుంది. మిచిగన్ రాష్ట్రం 2008లో వైద్య అవసరాలకు, 2018లో 21 సంవత్సరాలు నిండిన వారందరికీ గంజాయిని అనుమతించినది. సింక్లెయిర్ 2024 ఏప్రిల్ 2న మరణించాడు.

ఇతర ఉత్సవాల ఆవిర్భావం

1974లో స్థాపించబడిన హై టైమ్స్ అనే అమెరికా పత్రిక సంపాదకుడు స్టీవెన్ హేగర్ 1988లో నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో కన్నాబిస్ కప్ అనే పోటీని ప్రారంభించాడు. వివిధ రకాల గంజాయిని న్యాయనిర్ణేతలు పోల్చి చూసి బహుమతులు ఇచ్చే పద్ధతి దీనితో ప్రచారంలోకి వచ్చినది. 2010లో ఈ పోటీ మొదటిసారిగా అమెరికా గడ్డపై, శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగినది.

1991లో వాషింగ్టన్ రాష్ట్రంలోని సియాటిల్‌లో కొద్ది వందల మందితో ఆరంభమైన చిన్న సభ మరుసటి సంవత్సరం నుండి సియాటిల్ హెంప్‌ఫెస్ట్ అనే పేరు పొందినది. ఇది సముద్రతీరపు ఉద్యానవనంలో, ప్రవేశ రుసుము లేకుండా, స్వచ్ఛంద కార్యకర్తల శ్రమతో జరిగేది. నిర్వాహకులు దీనిని పండుగ అని గాక, నిరసన మరియు పండుగ అను రెండు మాటలను కలిపి పిలిచేవారు. కోవిడ్ మహమ్మారి కారణంగా 2020లో ఇది నిలిచిపోయినది.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో నింబిన్ అనే చిన్న గ్రామంలో 1993 నుండి మార్డీగ్రాస్ అనే ఉత్సవం మే నెల ఆరంభంలో జరుగుతున్నది. జర్మనీలోని బెర్లిన్‌లో 1997 నుండి హాన్ఫ్‌పరాడ అనే ఊరేగింపు జరుగుతున్నది. కాలిఫోర్నియాలోని మెండసీనో కౌంటీలో 2003లో టిమ్ బ్లేక్ ప్రారంభించిన ఎమరాల్డ్ కప్, గదులలో విద్యుద్దీపాల క్రింద గాక ఆరుబయట ఎండలో పెంచిన పంటకు గుర్తింపు తేవడానికి ఏర్పడినది.

2012 నవంబరులో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాల ఓటర్లు వయోజనులకు గంజాయి అమ్మకాన్ని ఆమోదించారు. అదే సంవత్సరం డెన్వర్‌లో ఒక వ్యాపార సదస్సు జరిగినది. తరువాత లాస్ వేగాస్‌కు మారి ఎం.జె.బిజ్‌కాన్ అనే పేరుతో ఈ రంగంలోని పెద్ద వాణిజ్య ప్రదర్శనలలో ఒకటిగా ఇది ఎదిగినది. బెర్లిన్‌లో 2016లో మేరీ జేన్ ప్రదర్శన, 2017లో అంతర్జాతీయ కన్నాబిస్ వ్యాపార సదస్సు మొదలైనవి.

రకాలు

గంజాయి ఉత్సవాలను స్థూలంగా నాలుగు రకాలుగా విభజించవచ్చును.

1. నిరసన సభలు, ఊరేగింపులు: హ్యాష్ బాష్, హాన్ఫ్‌పరాడ, మే మొదటి శనివారం నాడు అనేక నగరాలలో జరిగే ప్రపంచ గంజాయి ఊరేగింపు ఈ కోవకు చెందినవి. ప్రవేశం ఉచితం. ఉపన్యాసాలు, సంగీతం ప్రధానం. సభ జరుపుకొనే హక్కు చట్టబద్ధమే గాని, ఆ హక్కు గంజాయి వాడుటకు వర్తించదు.

2. పోటీలు, పంట పండుగలు: కన్నాబిస్ కప్, ఎమరాల్డ్ కప్ వంటివి. పంట వాసన, రూపం, ప్రయోగశాల ఫలితాలు పరిశీలించి బహుమతులు ఇస్తారు. ప్రవేశానికి టిక్కెట్టు ఉంటుంది.

3. వినియోగదారుల ప్రదర్శనలు: స్పెయిన్‌లో బార్సిలోనా ప్రక్కనున్న కార్నెల్యా పట్టణంలో 2000వ దశకం నుండి చాలా సంవత్సరాలు జరిగిన స్పన్నాబిస్, బెర్లిన్‌లోని మేరీ జేన్ ఇందుకు ఉదాహరణలు. ఇక్కడ ముఖ్యంగా విత్తనాలు, ఎరువులు, దీపాలు, పరికరాలు, హెంప్ బట్టలు అమ్ముతారు.

4. వాణిజ్య సదస్సులు: ఎం.జె.బిజ్‌కాన్ వంటివి. దీపాలు, పిండే యంత్రాలు, పొట్లాలు కట్టే యంత్రాలు, పరీక్షా ప్రయోగశాలలు, లెక్కల సాఫ్ట్‌వేరు, భీమా, న్యాయసేవలు అందించే సంస్థలు దుకాణాలు పెడతాయి. ఎం.జె.బిజ్‌కాన్ ప్రదర్శనశాలలో గంజాయి సరుకు ఉండదు. పేరు చూసి వినోదం ఆశించి వెళ్ళినవారికి కనిపించేది మామూలు పారిశ్రామిక ప్రదర్శనయే. కొన్ని సదస్సులకు లైసెన్సు కలిగిన వర్తకులను మాత్రమే అనుమతిస్తారు.

ఉత్తర భారతదేశంలో మహాశివరాత్రి, హోలీ పర్వదినాలలో కొందరు భంగు సేవించుట ఆచారంగా ఉన్నది. అవి మతపరమైన పండుగలు కనుక ఈ వర్గీకరణలోకి రావు.

చట్టపరమైన స్థితి

ఉత్సవం జరిగే స్థలాన్ని బట్టి ఒకే నగరంలో కూడా వేరువేరు చట్టాలు వర్తిస్తాయి. దీనికి హ్యాష్ బాష్ మంచి ఉదాహరణ. మిచిగన్ రాష్ట్ర చట్టం ప్రకారం 21 సంవత్సరాలు నిండినవారు పరిమిత మోతాదులో గంజాయి కలిగియుండవచ్చును. కాని బహిరంగ ప్రదేశాలలో త్రాగుటకు ఆ చట్టమే అనుమతించదు. పైగా సభ జరిగే డయాగ్ విశ్వవిద్యాలయపు ఆస్తి. విశ్వవిద్యాలయం సమాఖ్య ప్రభుత్వ నిధులు పొందుతున్నందున, 1989 నాటి సమాఖ్య చట్టానికి లోబడి తన ప్రాంగణంలో గంజాయిని నిషేధించినది. అనగా గంజాయి సభకు పేరుపొందిన ఆ చోట గంజాయి కలిగియుండుట ఇప్పటికీ నియమ విరుద్ధమే. విద్యార్థులపై విశ్వవిద్యాలయం క్రమశిక్షణా చర్య తీసుకొనవచ్చును.

అమెరికా సమాఖ్య చట్టం క్రింద గంజాయి నియంత్రిత పదార్థం. జాతీయ ఉద్యానవనాలు, విమానాశ్రయ తనిఖీ కేంద్రాలు, దేశ సరిహద్దులు సమాఖ్య పరిధిలోనివి కనుక రాష్ట్ర చట్టాలు అక్కడ రక్షణ ఇవ్వవు. కెనడా 2018 అక్టోబరు 17న గంజాయిని చట్టబద్ధం చేసినది. అయినను కెనడా, అమెరికాల మధ్య సరిహద్దు దాటి గంజాయిని తీసుకువెళ్ళుట రెండు దేశాలలోను నేరం. హెంప్‌కు 2018లో అమెరికా వ్యవసాయ చట్టం 0.3 శాతం టి.హెచ్.సి. పరిమితి విధించినది. 2025 నవంబరులో చేసిన చట్టం ఈ నిర్వచనాన్ని మరింత కఠినం చేసి, ఒక సంవత్సరం తరువాత అమలులోకి వచ్చునట్లు నిర్ణయించినది.

కాలిఫోర్నియాలో ఉత్సవ స్థలంలోనే అమ్ముటకు, వాడుటకు తాత్కాలిక అనుమతి పొందే అవకాశం కలదు. మొదట ఇది కౌంటీ సంత మైదానాలకే పరిమితమై ఉండగా, 2018లో చేసిన చట్టం స్థానిక సంస్థలు ఒప్పుకొన్న ఇతర ప్రదేశాలకు కూడా విస్తరింపజేసినది. ఈ అనుమతి ఉన్నచోట 21 సంవత్సరాలు నిండినవారికే ప్రవేశం. లైసెన్సు ఉన్న వర్తకులే అమ్మవలెను.

జర్మనీలో 2024 ఏప్రిల్ 1 నుండి 18 సంవత్సరాలు నిండినవారు బయట 25 గ్రాముల వరకు కలిగియుండవచ్చును. సాగు సంఘాలలో సభ్యత్వం మాత్రం ఆ దేశంలో నివసించేవారికే పరిమితం. కనుక పర్యాటకులు ఆ సంఘాల నుండి గంజాయి పొందలేరు. స్పెయిన్‌లో సొంత ఇంటిలో వాడుట నేరం కాకపోయినను, 2015 నాటి ప్రజాభద్రతా చట్టం ప్రకారం బహిరంగ స్థలంలో కలిగియున్నవారికి కనీసం 601 యూరోల జరిమానా విధిస్తారు. థాయిలాండ్ 2022 జూన్‌లో గంజాయిని మాదకద్రవ్యాల జాబితా నుండి తొలగించి, 2025 జూన్‌లో పూత అమ్మకానికి వైద్యుని చీటీ తప్పనిసరి చేసినది. రెండేళ్ళ క్రితపు సమాచారంతో ప్రయాణమయ్యేవారు ఇటువంటి మార్పుల వలన చిక్కులలో పడతారు.

ఉత్సవాన్ని ఎన్నుకొనుట

ఉత్సవాన్ని ఎన్నుకొనునప్పుడు మొదట పరిశీలించవలసినది వెళ్ళే ఉద్దేశం. చట్ట సంస్కరణ ఉద్యమాన్ని అధ్యయనం చేసే విద్యార్థికి హ్యాష్ బాష్ వంటి ఉచిత సభలో లభించే అనుభవం ఖరీదైన సదస్సులో లభించదు. అదే విధంగా పరీక్షా ప్రయోగశాల యంత్రాలు కొనదలచినవారికి సంగీతోత్సవం వలన ప్రయోజనం లేదు. హెంప్ నార, గింజలు, బట్టల పరిశ్రమపై ఆసక్తి కలవారు ప్రదర్శకుల జాబితాలో అటువంటి సంస్థలు ఎన్ని ఉన్నవో ముందుగా చూచుకొనుట మంచిది. ఎందుకంటే పేరులో హెంప్ ఉన్న ఉత్సవాలన్నీ హెంప్ పరిశ్రమకు చెందినవి కావు.

తరువాత స్థలం ఎవరిది, ఏ చట్టం పరిధిలోనిది అనేది తెలుసుకొనవలెను. నగర ఉద్యానవనం, విశ్వవిద్యాలయం, ప్రైవేటు ప్రదర్శనశాల, సమాఖ్య భూమి, వీటిలో ప్రతిదానికి వేరు నియమాలు వర్తిస్తాయి. నిర్వాహకులకు లైసెన్సు అవసరమైన రాష్ట్రాలలో అది ఉన్నదో లేదో ఆ రాష్ట్ర నియంత్రణ సంస్థ వద్ద తెలుసుకొనవచ్చును. ఈ రంగంలో అనుమతులు చివరి వారంలో నిరాకరించబడి ఉత్సవాలు రద్దగుట, వేరే చోటికి మారుట తరచుగా జరుగుతుంది. అందువలన రద్దయినచో టిక్కెట్టు సొమ్ము తిరిగి ఇచ్చే నియమాన్ని, నిర్వాహకులు గతంలో జరిపిన ఉత్సవాల వివరాలను చూచుకొనవలెను.

వాణిజ్య సదస్సులలో టిక్కెట్టు ధర, బస, ప్రయాణం కలిపి ఖర్చు ఎక్కువ అవుతుంది. ఉపన్యాసాలకు, ప్రదర్శనశాలకు వేరువేరు టిక్కెట్లు ఉండుట పరిపాటి. వస్తువులు చూడదలచినవారికి ప్రదర్శనశాల టిక్కెట్టు సరిపోతుంది. పెట్టుబడులు ఆకర్షించే వేదికలపై ప్రకటించే లాభాల అంచనాలను స్వతంత్రంగా సరిచూచుకొనుట అవసరం. సమాఖ్య చట్టం కారణంగా అమెరికాలో అనేక బ్యాంకులు ఈ వ్యాపారానికి ఖాతాలు ఇచ్చుటకు వెనుకాడుతూ వచ్చినవి. ఈ ఇబ్బందిని ప్రస్తావించని పెట్టుబడి ప్రసంగం అసంపూర్ణమైనదే.

హాజరగునప్పుడు గమనించవలసిన విషయాలు

* వయస్సును ధ్రువీకరించే ప్రభుత్వ గుర్తింపు పత్రం అడుగుతారు. విదేశీయులకు సాధారణంగా పాస్‌పోర్టు అవసరమవుతుంది.
* తినుబండారాల రూపంలో తీసుకొన్న గంజాయి వెంటనే పనిచేయదు. ప్రభావం తెలియుటకు అర గంట నుండి రెండు గంటల వరకు పడుతుంది. ఏమీ కాలేదని మరల తినుట వలన మోతాదు మించి ఆందోళన, గుండెదడ, వాంతులు కలిగి ఆసుపత్రి పాలైనవారు ఉన్నారు. కాలిఫోర్నియా చట్టం ఒక మోతాదును 10 మిల్లీగ్రాముల టి.హెచ్.సి.కి పరిమితం చేసినది.
* అపరిచితులు ఇచ్చే మిఠాయిలు, కేకులు మామూలు తినుబండారాలవలెనే కనిపిస్తాయి. గంజాయి వాడనివారు వాటిని తీసుకొనరాదు. పిల్లలు పొరపాటున తిన్నచో వెంటనే వైద్యసహాయం పొందవలెను.
* గంజాయి ప్రభావంలో వాహనం నడుపుట, అది చట్టబద్ధమైన చోట్ల కూడా నేరమే. నింబిన్ ఉత్సవ సమయంలో పోలీసులు దారిలో లాలాజల పరీక్షలు జరుపుతారు. ఆ పరీక్ష మత్తును గాక శరీరంలో టి.హెచ్.సి. ఉనికిని కనుగొంటుంది.
* తరచుగా వాడేవారి మూత్రంలో గంజాయి ఆనవాళ్ళు వారాల తరబడి కనిపించవచ్చును. ఉద్యోగ సంస్థలు జరిపే పరీక్షలలో, రాష్ట్రంలో చట్టబద్ధమే అనే సమాధానం అన్ని సందర్భాలలో చెల్లదు.
* కొనుగోలు చేసిన సరుకును విమానంలో గాని, పోస్టులో గాని పంపరాదు.

నియమాలను ప్రజలకు తెలియజేయుటలో సియాటిల్ పోలీసుల ప్రయత్నం ప్రసిద్ధి చెందినది. రాష్ట్రంలో గంజాయి చట్టబద్ధమైన తరువాతి సంవత్సరం, అనగా 2013 హెంప్‌ఫెస్ట్‌లో, పోలీసులు కొత్త చట్టపు నియమాలు ముద్రించిన కాగితాలను డొరిటోస్ చిప్స్ పొట్లాలకు అంటించి సందర్శకులకు పంచిపెట్టారు. వాహనం నడుపవద్దు, 21 సంవత్సరాలు నిండనివారికి ఇవ్వవద్దు, బహిరంగంగా వాడవద్దు అనునవి అందులోని ముఖ్య సూచనలు.

విదేశీ పౌరులు, ప్రవాస తెలుగువారు

అమెరికాలో చదువుకొనుచున్న, ఉద్యోగం చేయుచున్న తెలుగువారి సంఖ్య చాలా ఎక్కువ. గంజాయి చట్టబద్ధమైన రాష్ట్రాలలో నివసించే అమెరికా పౌరులకు, వీసాపై ఉన్నవారికి చట్టం ఒకే విధంగా వర్తించదు. వలస వ్యవహారాలు పూర్తిగా సమాఖ్య చట్టం పరిధిలోనివి. అమెరికా వలస చట్టం ప్రకారం నియంత్రిత పదార్థాల చట్టాన్ని ఉల్లంఘించినట్లు శిక్ష పడినవారికే గాక, ఉల్లంఘించినట్లు అధికారి ఎదుట ఒప్పుకొన్నవారికి కూడా దేశ ప్రవేశం నిరాకరించవచ్చును. రాష్ట్ర చట్టం అనుమతించినదనే వాదన ఇక్కడ నిలువదు. అమెరికన్ సహవిద్యార్థికి ఏ హానీ చేయని ఒక సాయంత్రం, విదేశీ విద్యార్థికి వీసా పునరుద్ధరణ సమయంలో గాని, శాశ్వత నివాస దరఖాస్తు సమయంలో గాని అడ్డంకిగా మారవచ్చును.

శాంతియుతమైన సభకు హాజరగుట, ఉపన్యాసం వినుట నేరం కాదు. కలిగియుండుట, వాడుట, కొనుట వలననే చిక్కు వస్తుంది. అయితే సామాజిక మాధ్యమాలలో పెట్టిన ఛాయాచిత్రాలు కూడా ప్రశ్నలకు దారితీయవచ్చును. 2019 నుండి వీసా దరఖాస్తుదారులు తమ సామాజిక మాధ్యమ ఖాతాల వివరాలు ఇవ్వవలసి ఉన్నది. 2025 జూన్ నుండి విద్యార్థి వీసా కోరువారు ఆ ఖాతాలను అందరికీ కనిపించునట్లు ఉంచవలెనని ఆదేశించారు.

ఈ రంగంలో ఉద్యోగం కూడా సమస్యాత్మకమే. రాష్ట్ర చట్టానికి లోబడిన గంజాయి సంస్థలో పనిచేసినను, పౌరసత్వానికి అవసరమైన సత్ప్రవర్తన లోపించినట్లు పరిగణించవచ్చునని అమెరికా పౌరసత్వ, వలస సేవల సంస్థ 2019 ఏప్రిల్‌లో ప్రకటించినది. కెనడా పౌరులు గంజాయి పరిశ్రమకు సంబంధించిన పనిపై అమెరికాకు వచ్చినచో ప్రవేశం నిరాకరించవచ్చునని సరిహద్దు అధికారులు 2018లో తెలిపారు. కావున వాణిజ్య సదస్సులకు వెళ్ళదలచిన విదేశీయులు ముందుగా వలస న్యాయవాదిని సంప్రదించుట శ్రేయస్కరం.

సింగపూరు పౌరులు, శాశ్వత నివాసులు విదేశాలలో గంజాయి వాడినను అక్కడి చట్టం ప్రకారం శిక్షార్హులు. ఈ నియమం ఆ దేశంలో స్థిరపడిన తెలుగువారికి కూడా వర్తిస్తుంది. గల్ఫ్ దేశాల విమానాశ్రయాల మీదుగా ప్రయాణించేవారు తమ సామానులో ఏ విధమైన గంజాయి ఉత్పత్తి లేకుండా చూచుకొనవలెను.

భారతదేశంలో

మాదకద్రవ్యాల, మనఃప్రభావక పదార్థాల చట్టం 1985 నవంబరు 14 నుండి అమలులో ఉన్నది. ఈ చట్టం నిర్వచనం ప్రకారం పూత ఉన్న కొనలు గంజాయి. కొనలతో కలిసి లేని గింజలు, ఆకులు ఆ నిర్వచనంలోకి రావు. అందుచేతనే భంగును కొన్ని రాష్ట్రాలు తమ అబ్కారీ చట్టాల క్రింద అనుమతిస్తున్నవి. ఒక కిలో వరకు గంజాయిని చిన్న పరిమాణంగాను, 20 కిలోలు మించినదానిని వాణిజ్య పరిమాణంగాను పరిగణిస్తారు. వాణిజ్య పరిమాణానికి 10 నుండి 20 సంవత్సరాల కఠిన కారాగార శిక్ష, జరిమానా ఉంటాయి. 2001లో చేసిన సవరణ ద్వారా ఈ చట్టం విదేశాలలో ఉన్న భారతీయ పౌరులకు కూడా వర్తింపజేయబడినది.

హెంప్ విషయంలో కొంత సడలింపు కలదు. నార, గింజల కొరకు సాగుకు ప్రభుత్వం అనుమతించుటకు చట్టంలోనే వీలున్నది. ఉత్తరాఖండ్ రాష్ట్రం 2018లో ఇటువంటి సాగుకు లైసెన్సు ఇచ్చినది. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2021లో హెంప్ గింజలను, గింజల నూనెను, పిండిని ఆహారంగా అమ్ముటకు అనుమతించినది. 2020 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి మాదకద్రవ్యాల సంఘం గంజాయిని అత్యంత కఠినమైన జాబితా నుండి తొలగించుటకు ఓటు వేయగా, భారతదేశం అనుకూలంగా ఓటు వేసినది. దీని వలన దేశంలోని చట్టం మారలేదు.

ఆంధ్ర ప్రదేశ్‌లో విశాఖపట్నం మన్యం ప్రాంతం గంజాయి అక్రమ సాగుకు చాలాకాలంగా వార్తలలో ఉన్నది. 2021లో పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాల పంటను నాశనం చేశారు. గిరిజన రైతులను కాఫీ వంటి ప్రత్యామ్నాయ పంటల వైపు మళ్ళించుటకు ప్రయత్నాలు జరిగినవి. 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఈగల్ అనే ప్రత్యేక దళాన్ని ఏర్పరచినది. తెలంగాణలో కూడా మాదకద్రవ్యాల నిరోధానికి ప్రత్యేక విభాగం ఉన్నది. ఒక దేశంలో బహుమతి పొందే పంట, మరొక దేశంలో దానిని మోసిన కూలీని జైలుకు పంపుతుంది. విదేశీ ఉత్సవాల ఛాయాచిత్రాలు మాత్రమే చూచినవారికి ఈ తేడా తెలియదు.

విమర్శలు

గంజాయి ఉత్సవాలపై విమర్శలు రెండు వైపుల నుండి వచ్చినవి. ఇవి యువతను వాడుక వైపు ఆకర్షిస్తాయని, కౌమార దశలో వాడుట వలన జ్ఞాపకశక్తికి, మానసిక ఆరోగ్యానికి కలిగే హానిని మరుగుపరుస్తాయని ఆరోగ్య రంగానికి చెందినవారు అంటారు. బహిరంగ సభలలో పొగ, వాసన, చెత్త వలన చుట్టుప్రక్కల నివసించేవారు కూడా అభ్యంతరాలు తెలిపారు.

రెండవ వైపున పాత ఉద్యమకారుల విమర్శ ఉన్నది. నిషేధకాలంలో అరెస్టులకు గురైన చిన్న రైతులు, కార్యకర్తలు నిర్మించిన ఉత్సవాలను పెద్ద పెట్టుబడిదారులు ఆక్రమించారని, అదే నేరానికి ఇంకా జైలులో ఉన్నవారిని పరిశ్రమ మరచిపోయినదని వారు అంటారు. ఈ ఖైదీల విడుదల కొరకు 2019లో లాస్ట్ ప్రిజనర్ ప్రాజెక్ట్ అనే సంస్థ ఏర్పడినది. రెండు చుట్టల కొరకు పదేళ్ళ శిక్ష పడిన ఒక వ్యక్తి కారణంగా మొదలైన హ్యాష్ బాష్‌లో ఖైదీల విషయం నేటికీ ప్రసంగాంశంగా ఉన్నది.